టైటిల్స్‌లో రెండో వరస

ముందుగా ఓ చిన్న పరీక్ష. పక్కవాళ్ల పేపర్లోకి తొంగి చూసినా ఫరవాలేదు. 'ముత్యాలముగ్గు' సినిమాలో హీరో ఎవరు?

తల గోక్కుంటున్నారు కదూ! శ్రీధర్ అని కాసేపటికి గుర్తొస్తుంది. అదీ అందరికీ కాదు. సరే, అందులో కంట్రాక్టరు వేషం ఎవరు వేశారు? ఈ ప్రశ్నకి మాత్రం మా రంపచోడవరం టీకొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాడు, ఆ సినిమా వచ్చిన ముప్ఫయ్యేళ్లకి పుట్టినవాడు, తడుముకోకుండా "రావు గోపాలరావు" అనేస్తాడు. అనడమే కాదు, మెడ కాస్త వెనక్కి వాల్చి, కళ్లు సగం మూసి ఆ గొంతు కూడా పట్టేస్తాడు.

1975లో బాపు తీసిన సినిమా అది. మాటలు ముళ్లపూడి వెంకటరమణ. శ్రీధర్ తన పని తను చక్కగా చేశాడు. సంగీత ముచ్చటగా ఉంది. కథంతా వాళ్లిద్దరిదే. అయినా జనం హాల్లోంచి ఇంటికి వెంటబెట్టుకొచ్చింది కంట్రాక్టరుని! ఆ ఏడే హిందీలో 'షోలే' వచ్చింది. అందులో ధర్మేంద్ర ఉన్నాడు, అమితాబ్ ఉన్నాడు. కానీ ఊరూరా మైకుల్లో మోగింది గబ్బర్‌సింగ్ మాటలు. ఆ వేషం వేసిన అంజాద్‌ఖాన్ అప్పటికి కొత్తవాడు. ఒకే సంవత్సరం, రెండు భాషలు, ఒకే వింత.

ఇలాంటప్పుడు హాలు బయట మనవాళ్లు ఓ మాట అంటారు: "వాడు హీరోని మింగేశాడ్రా!" వినడానికి బాగానే ఉంటుంది గానీ, నాకు ఈ మాటమీదే పేచీ. నన్నడిగితే ఎవరూ ఎవర్నీ మింగరు. చిన్న వేషం పెద్దదై కనిపించిందంటే ఆ వేషగాడు నిలబడడానికి ఎవరో చోటిచ్చారన్నమాట. రాసినవాడు ఇచ్చి ఉంటాడు, తీసినవాడు ఇచ్చి ఉంటాడు, ఒక్కోసారి హీరోయే పక్కకి జరిగి ఇచ్చి ఉంటాడు. చోటు దొరికితే ఏమవుతుందో చూపిస్తాను. దొరక్కపోతే ఏమవుతుందో మా కొండల్లోంచే చెబుతాను.

మొదట కంట్రాక్టరు సంగతే చూద్దాం. అంతకు ముందు మన ప్రతినాయకులు చాలామంది కళ్లెర్రజేసి, గట్టిగా నవ్వి భయపెట్టేవారు. ఈయన అరవడు. తెల్లారగట్ల పొద్దుపొడుపు చూస్తూ తాపీగా కూర్చుంటాడు. ఆకాశంలో ఎరుపు చూస్తే అందరికీ అందం కనిపిస్తే ఈయనకి హత్య గుర్తొస్తుంది. అదీ అచ్చమైన గోదావరి జిల్లా యాసలో, వియ్యంకుడితో పిచ్చాపాటీ మాట్లాడుతున్నంత తీరిగ్గా. రావు గోపాలరావు కాకినాడ ప్రాంతం మనిషి. ఆ యాస ఆయన నేర్చుకున్నది కాదు, పుట్టుకతో నోట్లో ఉన్నదే. ముళ్లపూడి ఆ నోటికి తగ్గ మాట రాశాడు, బాపు ఆ మాటకి తగ్గ తీరిక ఇచ్చాడు. చోటివ్వడమంటే ఇదే.

ఇక 'మాయాబజార్'. 1957. ఎన్టీ రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అభిమన్యుడు, సావిత్రి శశిరేఖ. ఇంతమంది ఉన్న సినిమాలో ఘటోత్కచుడు కథ చాలా దూరం నడిచాక గానీ తెరమీదకి రాడు. వచ్చాక ఇంకెవరైనా కనిపించారా? గద భుజాన వేసుకుని ఎస్వీ రంగారావు అలా అడుగేస్తే నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా హాలు మొత్తం సర్దుకు కూర్చునేది. మాధవపెద్ది సత్యం గొంతులో ఆ పెళ్లివిందు పాట వస్తే తిన్నవాడికి కూడా మళ్లీ ఆకలేసేది.

అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారిన తర్వాతి సీన్లు గుర్తు చేసుకోండి. తెరమీద ఉన్నది సావిత్రి. కానీ ఆ నడక ఎవరిది? ఆ భుజాలు ఎగరేయడం, గుర్రుమని చూడడం, ఉన్నట్టుండి ఆడపిల్లనని గుర్తొచ్చి సిగ్గుపడడం, ఇదంతా ఎవరిది? రంగారావుది! పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుణ్ణి, అదే మన రేలంగిని, ఆమె హడలగొడుతుంటే లోపల రంగారావు ఉన్నాడని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. మహానటి అనిపించుకున్న ఆమె ఆ సినిమాలో పదికాలాలు నిలిచిపోయిన ఘట్టాలకి సహనటుడి నడక అరువు తెచ్చుకుంది. తెచ్చుకుని తక్కువైందా? ఇద్దరూ పెరిగారు. కేవీ రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు, ఎవరి వాటా వాళ్లకి ముట్టిన సినిమా అది. అరవై ఏళ్లు దాటినా పాతబడకపోవడానికి అదో కారణమని నేనంటాను.

ఇంకో సంగతి. ఘటోత్కచుడు ఎవరు? హిడింబి కొడుకు. అడవి రాజు. నగరంలో ఉన్న పెద్దపెద్ద రాజులు చెయ్యలేని పెళ్లి ఆ అడవి మనిషి చేయించాడు. అడవిలో ఉండేవాణ్ణి కాబట్టి నాకు ఆయనంటే కాస్త ఎక్కువ అభిమానం. దీన్ని పక్షపాతమంటే ఒప్పుకుంటాను!

అదే రంగారావు 1963లో 'నర్తనశాల'లో కీచకుడు వేశారు. హీరో రామారావు, ద్రౌపది సావిత్రి. కీచకుడు మధ్యలోనే చచ్చిపోతాడు. అయినా 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఎవరికి వచ్చిందో తెలుసా? చచ్చిపోయిన కీచకుడికే.

మరి మన దేశంలో? జాతీయ అవార్డుల్లో సహాయ నటుడికంటూ ఓ బహుమతి పెట్టింది 1984 సినిమాల నుంచి. రంగారావు 1974లోనే పోయారు. అంటే ఆయనకి ఇవ్వడానికి ఆ బహుమతే లేదు! మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు లెండి, హాలీవుడ్ వాళ్లూ తక్కువ తినలేదు. ఆస్కార్‌లో సహాయ నటుల బహుమతి 1937 వేడుకలో మొదలైంది. హీరో హీరోయిన్లకి నిలువెత్తు బంగారు బొమ్మ, వీళ్లకి మాత్రం గోడకి తగిలించుకునే ఫలకం. ఇలా ఏడు వేడుకలు గడిచాయి. 1944లో గానీ వీళ్ల చేతికి నిండు బొమ్మ రాలేదు. సముద్రాలు దాటినా రెండో వరస రెండో వరసే అన్నమాట.

మనవాళ్లు బహుమతి ఇవ్వకపోయినా ఒక్కోసారి అంతకన్నా పెద్దదే ఇచ్చారు. 1962లో విజయావారి సినిమా. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్నారు. సావిత్రి, జమున ఇద్దరూ ఉన్నారు. రంగారావు సరేసరి. ఇంతమందిని పెట్టుకుని సినిమాకి ఎవరి పేరు పెట్టారు? గయ్యాళి అత్త పేరు! 'గుండమ్మ కథ'. సూర్యకాంతం ఆ పేరుని ఎంత మోసిందంటే, నలుగురు పెద్ద తారలు ఆ గొడుగు కింద హాయిగా నిలబడ్డారు. రామారావుకి అది వందో సినిమా. వందో సినిమాకి అత్తగారి పేరు పెడితే ఈ రోజుల్లో ఏ హీరో అభిమానులైనా ఊరుకుంటారా? మీరే చెప్పండి.

హీరో పక్కకి జరగడం అని ఇందాక అన్నాను. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట' చూడండి. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు బతికున్న కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం లొట్టలేసుకు తినే సీను తెలియని తెలుగువాడు ఉంటాడా? అరగుండు వేషంలో బ్రహ్మానందం జాతకమే మారిపోయింది. ఆ సినిమాలో హీరో రాజేంద్రప్రసాద్. కామెడీలో ఆయన ఎవరికీ తీసిపోడు. తల్చుకుంటే ప్రతి సీనూ తనవైపు లాక్కునేవాడే. లాక్కోలేదు. కోట పిసినారితనానికి తను బిత్తరపోయి చూశాడు. ఆ బిత్తరచూపు లేకపోతే కోడి సీను సగం కూడా పండదు. కోట 2025 జులైలో వెళ్లిపోయారు. ఆ కోడి మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది, మనం ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

ఇవన్నీ పాత ముచ్చట్లు అనకండి. 2015 జులైలో 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో రెండోది. ఈ రెంటి మధ్యా దేశమంతా అడిగిన ప్రశ్న హీరో గురించా? కాదు. కట్టప్ప ఎందుకు చంపాడని! సింహాసనం లేదు, హీరోయిన్ లేదు, గుండు, గడ్డం, భుజాన కత్తి. తమిళంలో హీరోగా ఎన్నో సినిమాలు చేసిన సత్యరాజ్ ఆ బానిస వేషానికి ఒప్పుకున్నాడు. కోట్లమందిని రెండేళ్లు ఎదురుచూసేలా చేశాడు.

సరే, మన్యంలో కూర్చుని ఇంతసేపు సినిమా కబుర్లు చెప్పి, అల్లూరి సీతారామరాజు సినిమా ఊసెత్తకపోతే నన్ను ఊళ్లోకి రానివ్వరు. 1922 నుంచి 24 దాకా జరిగిన పోరాటానికి రంప తిరుగుబాటు అని పేరొచ్చింది మా పక్కనున్న రంప ఊరి పేరుమీదే. 1922 అక్టోబరులో రాజుగారి దండు మా రంపచోడవరం పోలీసు స్టేషను మీదకి కూడా వచ్చింది. కాబట్టి ఆ సినిమా మాకు సినిమా కాదు, ఇంటి ఆల్బమ్.

1974 మే 1న విడుదలైంది. కృష్ణ నూరో చిత్రం. తెలుగులో మొదటి సినిమాస్కోప్. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే, పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్. దాస్ తీశారు, తక్కిన భారం కృష్ణ తనే మోశారు. రాజుగా కృష్ణ ఆ వేషంలో ఎలా ఒదిగిపోయాడో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది రూథర్‌ఫర్డ్ గురించి.

రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య. ఒకప్పుడు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివిన కంఠం అది. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకి గెలిచిన మనిషి. ఆయన వేసిన దొర చవకబారు దొర కాదు. పౌరుషం ఉన్నవాడు, ఎదుటివాడి పౌరుషం ఎంతో కొలవగలిగినవాడు. చివర్లో రాజు, రూథర్‌ఫర్డ్ ఎదురుబొదురుగా నిలబడ్డప్పుడు హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అక్కడ జగ్గయ్య స్థానంలో ఓ కోతిచేష్టల దొరని పెట్టి ఉంటే? రాజు గెలిచినా గెలిచినట్టుండేది కాదు. ఎదురుగా ఉన్నది కొండ కాబట్టి ఢీకొన్నవాడి బలం తెలిసింది. సహనటుడు హీరోకి చేసే అసలు సాయం ఇదీ.

ఇప్పుడు చోటు దొరకనివాళ్ల గురించి.

రాజుగారి పక్కన నిలిచిన గాము సోదరులు ఉన్నారు. గంటందొర, మల్లుదొర. గంటందొర ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర పట్టుబడ్డాడు, శిక్ష అనుభవించాడు, బయటికొచ్చాడు. 1952లో దేశంలో మొదటి ఎన్నికలు జరిగితే విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు! తుపాకీ పట్టిన అడవి నుంచి ఢిల్లీ పార్లమెంటు దాకా. ఇంటర్వెల్ ఎక్కడ వెయ్యాలో కూడా తెలిసిపోతోంది కదూ! రాజుగారి కథలో వీళ్లది రెండో వరస. వీళ్లనే మొదటి వరసలో పెట్టి ఎవరైనా నిండుగా ఓ సినిమా తీస్తే మొదటి టిక్కెట్టు డబ్బులు ఇప్పుడే కట్టేస్తాను.

మనుషుల సంగతి అలా ఉంచండి, మా అడవి సంగతి చూడండి. 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' కథ జరిగేది ఎక్కడ? చిత్తూరు వైపు, శేషాచలం కొండల్లో. అడవి సీన్లు ఎన్నో తీసింది మాత్రం మా ఎగువనున్న మారేడుమిల్లిలో! మా చెట్లు శేషాచలం చెట్ల వేషం వేశాయి. ఆ సినిమాకి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడు అయ్యాడు, తెలుగు హీరోల్లో అది మొదటిసారి, మాకూ సంతోషమే. పక్కనే ఉండి కథ చెప్పే కేశవగా జగదీశ్ ఎంత సహజంగా ఉన్నాడో మీరంతా చూశారు. మా అడవి కూడా బాగా నటించింది. కాకపోతే దాని పేరుతో కాదు.

అడవికి పేరు లేకపోతే పోయింది, దానికి బాధ తెలీదు. మనుషులకి తెలుస్తుంది. ఓసారి మా వైపు జరిగిన ఓ షూటింగు చూడ్డానికి వెళ్లాను. ఏ సినిమా అన్నది ఇక్కడ అనవసరం. గుంపులో నిలబడడానికి మా కుర్రాళ్లని పిలిచారు. ఒకడికి ఈకల కిరీటం ఇచ్చి తలకి పెట్టుకోమన్నారు.

"మా ఇళ్లల్లో ఎవరూ ఇలాంటివి పెట్టుకోరండీ" అన్నాడు వాడు.

"సినిమాలో పెట్టుకుంటార్లే తమ్ముడూ. నువ్వు మాటలేం మాట్లాడకు, డప్పు మోగగానే హోయ్ హోయ్ అను చాలు" అన్నాడాయన.

వాడు హోయ్ హోయ్ అన్నాడు. సాయంత్రం కూలి డబ్బులు తీసుకుని ఇంటికి పోయాడు.

ఇందులో విచిత్రం ఏమిటో తెలుసా? ఆ కుర్రాడు కొండరెడ్డి. కొండరెడ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే! మీరూ నేనూ మాట్లాడే తెలుగే, కొండ యాసలో. కోయవాళ్లకి వాళ్ల సొంత భాష ఉంది, కొమ్ముల కిరీటంతో వాళ్లాడే కొమ్ము నృత్యం ఉంది. అది నిజమైన కిరీటం. దాన్ని వదిలేసి ఎక్కడో కుట్టించిన ఈకల టోపీ పెట్టడం, నోట్లో ఉన్న తెలుగుని మూయించి హోయ్ హోయ్ అనిపించడం, ఎన్ని దశాబ్దాలు చూడమంటారు? రావు గోపాలరావుకి ఆయన యాస ఆయనకి ఇస్తే ఏమైంది? కంట్రాక్టరు పుట్టాడు. మరి ఈ కుర్రాడి యాస వాడికి ఇస్తే ఎవరు పుడతారో ఎవరికి తెలుసు? ఆ సీనులో హీరో ఎంత కష్టపడి డాన్సు చేసినా నా కళ్లు మాత్రం వాడిమీదే ఉన్నాయి. వాడి మొహంలో ఓ చిరాకు కనిపించింది చూడండి, అబ్బో, అదొక్కటే ఆ షూటింగులో నిజం!

నటన మీద మోజున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకో మాట. నాకు ఉత్తరాలు రాసేవాళ్లంతా "హీరో అవ్వాలంటే ఏం చెయ్యాలి సార్" అని అడుగుతారు. హీరో అవ్వడం మన చేతిలో ఉండదు. మనిషిలా కనిపించడం మాత్రం ఉంటుంది. మీ ఊరి మాట మర్చిపోకండి. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం నేర్చుకోండి. అదీ నటనే, చాలామందికి రానిదీ అదే. వయసు గురించి దిగులు వద్దు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన జె.వి. సోమయాజులు యాభై దాటాక 1980లో 'శంకరాభరణం'తో దేశమంతా తెలిశారు. ఆ సినిమాకి స్టార్ హీరో అంటూ ఎవరూ లేరు. అందులో స్నేహితుడు మాధవగా అల్లు రామలింగయ్య ఎంత గొప్పగా చేశారో మరోసారి చూడండి. అంతవరకూ మనల్ని నవ్వించిన మనిషి గొంతులో ముద్ద అడ్డం పడేలా చేస్తాడు. అదీ చోటు మహత్యం.

సినిమాలు తీసేవాళ్లకి కూడా ఓ మనవి. మా కొండలకి రండి, మా ఘాట్ రోడ్లమీద ఫైటింగులు తీసుకోండి, మా వాగుల్లో పాటలు తీసుకోండి. వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. వచ్చినప్పుడు మావాళ్లకి డైలాగు ఉన్న వేషం ఒక్కటి ఇవ్వండి. పేరున్న వేషం. పెద్దది అక్కర్లేదు, రెండే సీన్లు ఇవ్వండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ఇక మీరు చెయ్యాల్సింది ఒకటుంది. ఈసారి హాలుకి కాస్త ముందుగా వెళ్లండి. టైటిల్స్ పడేవేళకి పాప్‌కార్న్ దగ్గర కాకుండా సీట్లో ఉండండి. మీ హీరో పేరు వచ్చినప్పుడు ఎలాగూ ఈల వేస్తారు, వెయ్యండి. ఆ తర్వాత వచ్చే చిన్న అక్షరాలు కూడా చదవండి. ఏదో ఒక రోజు ఆ వరసలో కత్తుల వారబ్బాయి పేరో, మడకం వారమ్మాయి పేరో కనిపిస్తుంది. అప్పుడు వేసే ఈల రంపచోడవరం నుంచి మద్రాసు దాకా వినపడాలి!